శివారు పొలానికి నీరొస్తుందా? – కంప్యూటరు తర్కంలో ఒక పాఠం

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అని పెద్దల సామెత. నీరు తన దారి తాను వెతుక్కుంటుంది, సరే. కాని ఆ నీరు ఏ రోజుకు ఎవరి మడిలోకి వస్తుందో, వరదైతే ఎవరి గుమ్మంలోకి వస్తుందో ముందుగా తేల్చి చెప్పడం మనిషి పని. ఆ పనిలో కంప్యూటరు మనకెలా సాయపడుతుంది, సాయపడినా సమయం మించిపోకుండా ఎలా చెప్పగలుగుతుంది అన్నదే ఈ వ్యాసానికి విషయం. పుస్తకాల భాషలో దీన్ని గ్రాఫ్ రూపంలో ఉంచిన జ్ఞానం మీద సూత్రాలతో సమర్థంగా తర్కం చేయడం అంటారు. పేరు చూసి జడుసుకోనక్కర లేదు. నేను దివిసీమ రైతుబిడ్డను. మా పొలం కాలువకు చిట్టచివర, అంటే శివారున ఉంది. ఉదాహరణలన్నీ మా కాలువ నుంచే తెస్తాను గనుక సైన్సు చదవని మిత్రులు కూడా నాతోపాటు గట్టు మీద నడిచి రావచ్చు.

లస్కరు బాబాయి లెక్క

కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే మనిషిని మావైపు లస్కరు అంటారు. మా ఊరి లస్కరు మాకు చుట్టం కాకపోయినా నాకు బాబాయే. సార్వా నారుమళ్ళ రోజుల్లో నాన్న నన్ను ఆయన దగ్గరకు పంపేవాడు. “నీళ్ళెప్పుడొస్తాయో కనుక్కురారా” అని. బాబాయి కాగితం చూసేవాడు కాదు, కలం పట్టేవాడు కాదు. “నిన్న పొద్దున బ్యారేజి దగ్గర వదిలారంట. ఎల్లుండి సాయంత్రానికి మీ తూము దగ్గరుంటాయి. మధ్యలో ఎవడన్నా అడ్డుకట్ట వేస్తే మాత్రం నా పూచీ లేదని మీ నాన్నకు చెప్పు” అనేవాడు. చాలాసార్లు ఆ మాటే నిజమయ్యేది.

ఒకసారి అడిగాను. “ఇన్ని తూములు, ఇన్ని బోదెలు, ఇందరి వంతులు నీకెట్లా గుర్తుంటాయి బాబాయ్?” అని. ఆయన నవ్వి, “రోజూ అన్నీ తలుచుకుంటూ కూర్చుంటే బుర్ర పగిలిపోదూ? నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో అది చూసుకుంటే చాలురా అబ్బాయ్. మారనిదాని గురించి మళ్ళీ ఆలోచించేదేముంది?” అన్నాడు.

ఇంటర్ చదివే రోజుల్లో విన్న మాట అది. తర్వాత రెండేళ్ళకు డిగ్రీ తరగతిలో మా లెక్చరరు గారు బల్ల మీద ఒక పద్ధతి వివరిస్తూ ఉంటే నాకు ఉలిక్కిపాటు కలిగింది. అది అచ్చంగా బాబాయి చెప్పినదే!

గ్రాఫ్ అనగా నేమి?

ఇక్కడ గ్రాఫ్ అంటే గడుల కాగితం మీద గీసే వంపు గీత కాదు. కొన్ని బిందువులు, వాటిని కలిపే బాణాలు, ఒక్కొక్క బాణానికి ఒక పేరు – ఇంతే గ్రాఫ్. “ప్రకాశం బ్యారేజి నుంచి తూర్పు ప్రధాన కాలువలోకి పారుదల ఉంది” అన్నది ఒక వాస్తవం. ఇందులో రెండు బిందువులు, మధ్య “పారుదల” అనే ఒక బాణం. మూడు ముక్కల వాక్యం అన్నమాట. ఎంత పెద్ద జ్ఞానాన్నయినా ఇలాంటి మూడు ముక్కల వాక్యాలుగా విడగొట్టి దాచుకోవచ్చునన్నది ఈ విద్యకు పునాది. 1960ల్లో రాస్ క్విలియన్ అనే పరిశోధకుడు మాటల అర్థాలను ఇలా వలగా అల్లి చూపించాడు. 1999లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఈ మూడు ముక్కల పద్ధతిని ఆర్.డి.ఎఫ్. అనే పేరుతో ప్రమాణంగా ప్రకటించింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థవారి ఆగ్రోవాక్ అనే వ్యవసాయ పదకోశం ఈ రూపంలోనే లభిస్తుంది. అందులో తెలుగు పేర్లు కూడా ఉండడం మనకు సంతోషకరం.

మన డెల్టా ఎంత చక్కటి గ్రాఫో చూడండి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, 1957లో 70 గేట్లతో ప్రకాశం బ్యారేజి వచ్చింది. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఆ ఒక్క బిందువు నుంచి చెట్టు కొమ్మల్లా విడిపోయిన కాలువల మీద బతుకుతున్నది. మా పొలం వరకు వచ్చే దారిని ఎనిమిది బిందువులుగా రాస్తాను: నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజి, తూర్పు ప్రధాన కాలువ, కె.ఇ.బి. కాలువ, పులిగడ్డ అక్విడక్టు, మా ఊరి చానల్, మా బోదె. వీటి మధ్య ఏడు బాణాలు.

ఒక హెచ్చరిక. గ్రాఫ్ వేరు, మ్యాపు వేరు. పులిగడ్డ దగ్గర కాలువా, కృష్ణ పాయా మ్యాపులో ఒకదాన్నొకటి కోసుకుంటాయి. కాని కాలువ పైన, నది కింద. ఒకదాని నీరు ఇంకొకదానిలోకి పోదు. విజయవాడ పక్కన ఏనికెపాడు దగ్గర బుడమేరు కాలువ కిందుగా దాటిపోతుంది. అక్కడా అంతే. గీతలు కలిసినచోటల్లా బాణం వేస్తే కంప్యూటరు తర్కం మొదట్లోనే తప్పుతుంది. ఏ బాణం ఉందో ఏది లేదో చెప్పవలసినవాడు ఆ గట్టు మీద నడిచిన మనిషే.

మూడు సూత్రాలు

వాస్తవాలు ఊరికే పడి ఉంటే ప్రయోజనం లేదు. వాటినుంచి కొత్త వాస్తవాలను రాబట్టేవి సూత్రాలు. మనకు మూడు చాలు. ఏవైనా మూడు బిందువులకు క, చ, ట అని పేర్లు పెడదాం.

మొదటిది: క నుంచి చ లోకి పారుదల ఉంటే, క నీరు చ కు చేరగలదు.

రెండవది: క నీరు చ కు చేరగలిగి, చ నుంచి ట లోకి పారుదల ఉంటే, క నీరు ట కు కూడా చేరగలదు.

మూడవది: క నీరు చ కు చేరగలిగి, క లో వదిలే నీరు ఉంటే, చ కు నీరందుతుంది.

తెలిసిన వాస్తవాలకు సూత్రాలు తగిలించి, వచ్చిన ఫలితాలకు మళ్ళీ సూత్రాలు తగిలించి, ఇక కొత్తది ఏమీ పుట్టనంతవరకు పోవడాన్ని ముందుకు తర్కించడం అంటారు. ఇది ఎవరైనా చేయగలరు. కష్టమంతా త్వరగా చేయడంలో ఉంది.

మొద్దు పద్ధతి, ఒడుపు పద్ధతి

కాగితం పెన్సిలు తీసుకుని నాతో లెక్కించండి. ఏడు బాణాలకు మొదటి సూత్రం వేస్తే ఏడు “చేరగలదు” వాస్తవాలు వస్తాయి. ఇక రెండవ సూత్రం.

మొద్దు పద్ధతిలో ప్రతి విడతలోనూ అప్పటిదాకా తెలిసిన అన్నింటికీ రెండవ సూత్రం మళ్ళీ వేస్తాం. తొలి విడతలో 6 సార్లు పనిచేస్తుంది. తర్వాతి విడతలో ఆ పాత 6తో బాటు కొత్తవి 5, మొత్తం 11. అలాగే 15, 18, 20, 21. ఆఖర్న కొత్తది లేదని నిర్ధారించుకోవడానికి ఇంకొక 21. కూడితే 112.

ఒడుపు పద్ధతిలో ఒకటే నియమం: కిందటి విడతలో కొత్తగా పుట్టిన వాటికి మాత్రమే సూత్రం వెయ్యాలి. అప్పుడు 6, 5, 4, 3, 2, 1. మొత్తం 21. ఫలితం రెంటిలోనూ ఒక్కటే, అవే 28 “చేరగలదు” వాస్తవాలు. పని మాత్రం అయిదో వంతుకు తగ్గింది. ఎనిమిది బిందువులకే ఇంత తేడా ఉంటే, లక్షల బిందువులున్న గ్రాఫ్‌లో మొద్దు పద్ధతి జవాబు చెప్పేసరికి పంట కోతకు వస్తుంది!

ఇలా సూత్రాలు రాసుకునే భాషల్లో డేటాలాగ్ పేరున్నది. 1980ల్లో డేటాబేసు పరిశోధకులు ఈ ఒడుపు పద్ధతిని దానికి చక్కగా స్థిరపరిచారు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో అది చూసుకుంటే చాలునన్న మా బాబాయి మాటకు ఇది గణిత రూపం.

పట్టిసీమ బాణం

2015లో మన గ్రాఫ్‌లోకి ఒక కొత్త బాణం వచ్చింది. పట్టిసీమ దగ్గర తోడిన గోదావరి నీరు పోలవరం కుడి కాలువ గుండా, బుడమేరు డైవర్షన్ చానల్ మీదుగా, ఇబ్రహీంపట్నం దగ్గర బ్యారేజికి ఎగువన కృష్ణలో కలిసింది. లెక్క సులువు కోసం దీన్ని పట్టిసీమ నుంచి బ్యారేజికి ఒక్క బాణంగా తీసుకుందాం.

ఇప్పుడు మొత్తం లెక్క మొదటినుంచి చెయ్యాలా? అక్కర లేదు. కొత్త బాణం వల్ల పుట్టేవి ఆరే ఆరు వాస్తవాలు. పట్టిసీమ నీరు బ్యారేజికి, అక్కడినుంచి ఒక్కొక్కటిగా మా బోదె వరకు చేరగలదు. పాత 28 వాస్తవాల జోలికి పోనే వద్దు. మా తాతకు ఏ కంప్యూటరూ తెలియదు గాని, ఆ సంవత్సరం బోదెలో నీళ్ళు చూసి, “ఇవి గోదారి నీళ్ళురోయ్” అన్నాడట. ఆరవ వాస్తవం ఆయన నోటి వెంట వచ్చిందన్నమాట.

కలిపినంత సులువు కాదు తీసివేయడం

వాస్తవాన్ని చేర్చడం తేలిక. తీసివేయడమే చిక్కు. సాగర్‌లోనూ పులిచింతలలోనూ వదిలే నీరు లేని సంవత్సరం వచ్చిందనుకోండి. సాగర్‌ను నమ్ముకుని “నీరందుతుంది” అని రాసుకున్న ఏడు బిందువులూ తప్పయినట్టేనా? బ్యారేజికీ దాని దిగువ వాటికీ పట్టిసీమ అనే రెండవ ఆధారం ఉంది గదా!

దీనికి 1993లో గుప్తా, మమిక్, సుబ్రహ్మణియన్ అనే పరిశోధకులు చెప్పిన ఉపాయం బాగుంటుంది. ముందు, పోయిన ఆధారం మీద నిలిచిన వాటన్నింటినీ, అంటే ఏడింటినీ అనుమానంతో కొట్టివేయాలి. తర్వాత ఆ ఏడింటిలో వేరే ఆధారం ఉన్నవాటిని తిరిగి నిలబెట్టాలి. బ్యారేజి నుంచి మా బోదె వరకు ఆరూ తిరిగి నిలుస్తాయి. పులిచింతల ఒక్కటే పోతుంది. మిగతా గ్రాఫ్‌ను తాకనే తాకలేదు. ఏ మాట ఎందుకు నమ్మామో గుర్తున్నవాడికే దాన్ని ఎప్పుడు మానుకోవాలో తెలుస్తుంది. ఇది కంప్యూటరుకే కాదు, మనకూ వర్తించే నీతి.

వెనక నుంచి అడగడం

నాన్నకు 28 వాస్తవాలూ అక్కర లేదు. “మా బోదెకు నీరొస్తుందా?” అన్న ఒక్క ప్రశ్న చాలు. అటువంటప్పుడు ప్రశ్న నుంచి వెనక్కు నడవవచ్చు. బోదెకు చానల్ నుంచి, చానల్‌కు అక్విడక్టు నుంచి, అలా పైకి. సంబంధం లేని ఏలూరు కాలువనూ, పడమటి డెల్టానూ చూడవలసిన పని లేదు.

కాని ఇందులో ఒక గోతి ఉంది. నీరు చాలనప్పుడు మావాళ్ళు మురుగు కాలువలో ఇంజను పెట్టి బోదెలోకి తోడతారు. ఆ మడి నీరు మిగిలితే మళ్ళీ మురుగు కాలువకే పోతుంది. బోదెకు నీరెక్కడిది? మురుగు కాలువది. మురుగు కాలువకెక్కడిది? బోదెది. ఇలా గానుగెద్దులా తిరిగే కంప్యూటరు జవాబు చెప్పదు. అందుకే ఒకసారి వేసుకున్న ప్రశ్నను పట్టికలో రాసుకుని, అదే మళ్ళీ ఎదురైతే అక్కడ ఆగడం నేర్పుతారు. ముందుకు నడిచే ఒడుపు పద్ధతికి ఈ బాధ లేదు. కొత్త వాస్తవం పుట్టకపోతే అది తనంతట తానే ఆగిపోతుంది.

వల వేసి కాచుకోవడం

ఇంతవరకు సూత్రాలు చిన్నవి. మూడు నాలుగు షరతులున్న సూత్రం వస్తే? అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫోర్గీ 1979లో తన పరిశోధనా గ్రంథంలో దీనికొక మార్గం చూపాడు. దాని పేరు రీటీ. లాటిన్ భాషలో ఆ మాటకు వల అని అర్థం. (మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డి గారు 1969 నుంచి పనిచేసిన విశ్వవిద్యాలయమే ఇది.)

బుడమేరు సంగతే తీసుకుందాం. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే ఈ వాగు వరదను వెలగలేరు దగ్గర డైవర్షన్ చానల్‌లోకి మళ్ళించి కృష్ణలో కలుపుతారు. ఒక సూత్రం రాద్దాం. వెలగలేరుకు పెద్ద వరద వస్తూ ఉండి, చానల్ కలిసేచోట కృష్ణ నిండుగా ఉండి, ఒక పేట బుడమేరు పాత దారిలో పల్లాన ఉంటే, ఆ పేటకు హెచ్చరిక చెయ్యాలి. కృష్ణ నిండి ఉంటే చానల్ నీటిని లోపలికి తీసుకోదు గదా!

మూడవ షరతు ఏళ్ళ తరబడి మారదు. ఏయే పేటలు పల్లాన ఉన్నాయో ఆ జాబితా ముందే సిద్ధంగా ఉంచుకోవచ్చు. కృష్ణ నిండిందని వార్త రాగానే ఆ రెండు షరతులనూ కలిపి దాచుకోవచ్చు. ఇక వెలగలేరు కబురు ఒక్కటే తక్కువ. అది వచ్చిన క్షణంలో హెచ్చరిక తయారు. సగం కుదిరిన సూత్రాలను మరచిపోకుండా పట్టి ఉంచడమే ఈ వల గొప్పతనం. దీనికి జ్ఞాపకశక్తి ఖర్చవుతుంది, కాలం కలిసివస్తుంది. షరతులను చూసే వరుస కూడా ముఖ్యమే. రాష్ట్రంలోని ప్రతి పేటనూ తీసుకుని “నీకు వరదుందా?” అని అడగడం కంటే, అరుదుగా జరిగే సంగతితో మొదలు పెడితే పని ఎంతో తగ్గుతుంది.

2024 సెప్టెంబరు 1

ఆ సూత్రాన్ని ఊసుపోక రాయలేదు. ఆ ఆదివారం నాడు మా పిన్నివాళ్ళు సింగ్ నగర్‌లో కింది వాటాలో ఉన్నారు. ముందు రోజంతా కుండపోత. ఊరందరి చూపూ బ్యారేజి వైపే ఉంది. మర్నాడు 2వ తేదీన అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. 2009 అక్టోబరు వరదను కూడా మించింది. కాని పిన్ని ఇంటికి నీరు కృష్ణ వైపు నుంచి రాలేదు. డైవర్షన్ చానల్‌కు గండ్లు పడి బుడమేరు నీరు వెనకనుంచి వచ్చింది.

పొద్దున నేను ఫోను చేస్తే పిన్ని, “మాకెవరూ ఏమీ చెప్పలేదురా, చెప్పలేదంటే ఏమీ లేనట్టే గదా” అన్నది. మధ్యాహ్నానికి వాళ్ళు పైవాటా మెట్ల మీద ఉన్నారు. సామాను, తమ్ముడి పుస్తకాలు, బాబాయి కుట్టుమిషను, అన్నీ పోయాయి. మనుషులు దక్కారు. అందరికీ ఆ అదృష్టం లేకపోయింది.

ఎవరినో నిందించడానికి ఇది రాయడం లేదు. నన్ను వేధించిన సంగతి ఒకటే. గండి సంగతి తెలిసినవారు ఒకచోట ఉన్నారు, కృష్ణ మట్టం తెలిసినవారు ఒకచోట ఉన్నారు, ఏ సందు పల్లమో తెలిసినవారు మరొకచోట ఉన్నారు. మూడు వాస్తవాలూ లోకంలో ఉన్నాయి. వాటిని కలిపిన ఫలితం మాత్రం మా పిన్ని గుమ్మానికి నీటికంటే ముందు రాలేదు. సమర్థమైన తర్కం అంటే పరీక్షలో మార్కుల కోసం చదివే సంగతి కాదని నాకు ఆ రోజు తెలిసింది.

పిన్ని మాటలో ఒక తర్కం పాఠం కూడా ఉంది. రైళ్ళ పట్టికలో ఒక బండి పేరు లేకపోతే ఆ బండి లేనట్టే. అక్కడ జాబితా పూర్తిగా ఉంటుంది గనుక అలా అనుకోవచ్చు. వరద కబుర్లు అలాంటి జాబితా కాదు. అక్కడ “తెలియదు” వేరు, “లేదు” వేరు. ఆర్.డి.ఎఫ్. వంటి గ్రాఫ్ పద్ధతుల్లో ఈ రెండవ ధోరణినే పాటిస్తారు. చెప్పని మాటను అబద్ధంగా లెక్కించరు.

నా నోటుపుస్తకం

కిందటి వేసవి సెలవుల్లో మా చానల్ మీద ఒక ప్రయత్నం చేశాను. 23 తూములు, వాటి బోదెలు, మొత్తం 61 బాణాలు నోటుపుస్తకంలో రాసి, కాలేజీ కంప్యూటరులో ఒడుపు పద్ధతి ప్రోగ్రాముతో నడిపాను. రెప్పపాటులో జవాబులు వచ్చాయి. గొప్పగా తీసుకుపోయి బాబాయికి చూపించాను. ఆయనిప్పుడు పనినుంచి విరమించి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఒకచోట వేలు పెట్టాడు. “ఈ తూము పూడిపోయి ఆరేళ్ళయిందిరా. ఇటునుంచి నీళ్ళు పోవు.”

ఆ ఒక్క తప్పు బాణం వల్ల నా ప్రోగ్రాము ఆరు పొలాలకు లేని నీళ్ళను ఇచ్చింది! ఎంత వేగంగా తర్కిస్తే తప్పు కూడా అంత వేగంగా పాకుతుంది. ఆ బాణం తీసేశాను. ఆరు అబద్ధాలూ పోయాయి. అందులో ఒక పొలానికి మాత్రం వేరే బోదె ఉందని బాబాయి చెప్పగా, ఆ బాణం వేసి దాన్ని తిరిగి నిలబెట్టాను.

మిత్రులారా! మనలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి లస్కర్లు, మేస్త్రీలు, పెద్దమ్మలు, తాతలు ఉన్నారు. వారి తలల్లో ఉన్న బాణాలు ఏ పుస్తకంలోనూ లేవు. తర్కించే పద్ధతులను ప్రపంచం మనకు సిద్ధం చేసి పెట్టింది. వాస్తవాలు రాసుకోవలసింది మనం. ఈ సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకు వెళ్ళండి. మీ ఊరి నీరు ఎటునుంచి ఎటు పోతుందో, ఏ తూము పూడిందో, ఏ సందు పల్లమో అడిగి రాసుకోండి. నేను ఈసారి మా మురుగు కాలువ గట్టు వెంట నడవబోతున్నాను. బాబాయి కూడా వస్తానన్నాడు.